కీమేన్ కూతురు, తదామి లైను

మా నాన్న కె.కె. లైనులో కీమేన్. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ పోయే ఆ లైనులో, త్యాడ స్టేషను పక్క క్వార్టర్లలో నేను పెరిగాను. తెల్లారకముందే నాన్న సుత్తీ పానా భుజాన వేసుకుని తన బీటు నడవడానికి బయల్దేరేవాడు. పట్టాల్ని కింద అడ్డంగా పరిచిన స్లీపర్లకి బిగించే ఇనుప కీలు వదులైతే దిగ్గొట్టడం, పట్టాల అతుకుల దగ్గర ఫిష్‌ప్లేటు బోల్టులు బిగించడం, రాత్రి వానకి కొండ మీంచి రాయేదైనా జారిందేమో చూడడం ఆయన పని. బైలదిల్లా నుంచి ఇనుపరాయి నింపుకున్న గూడ్సులు మా గుమ్మాల ముందు నుంచే విశాఖ పోర్టుకి దిగేవి. పిల్లలమంతా వరసగా నిలబడి చేతులు ఊపేవాళ్లం. చివరి పెట్టెలోంచి గార్డు తిరిగి ఊపితే ఆ రోజంతా పండగే.

"ఇంత రాయి ఎక్కడికి పోతాది నాన్నా?" అని అడిగితే "జపానుకమ్మా" అనేవాడు. నిజమే, 1960ల్లో ఆ లైను వేసిందే జపాను ఉక్కు మిల్లులకి ఖనిజం పంపడానికి. నాకు ఊహ తెలిసేనాటికి జపాను అంటే అంతే. మా కొండల రాయి పోయి చేరే ఊరు.

శృంగవరపుకోట పోస్టాఫీసులో రిటైరయ్యాక, 2024 దీపావళికి టోక్యోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయిలో దాని ఇల్లు. "క్యోటో చూస్తావా అమ్మా, ఫ్యూజీ కొండ చూస్తావా?" అంది. కొండల్లో పోయే చిన్న రైలేదైనా ఉంటే అది చూపించమన్నాను. రెండు రోజులు వెతికి తదామి లైను అని తేల్చింది. ఫుకుషిమా రాష్ట్రంలోని ఐజు-వకామత్సు నుంచి నీగాతా రాష్ట్రంలోని కొయిదె దాకా 135 కిలోమీటర్ల ఒంటి లైను. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లే బళ్లు రోజుకి మూడే.

మొదటి రోజు, నవంబరు 2, శనివారం

కార్తీక శుద్ధ పాడ్యమి. బయల్దేరేసరికే వాన. టోక్యో నుంచి కోరియామాకి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో గంటా ఇరవై నిమిషాలు. అక్కడ దిగి బన్-ఎత్సు పశ్చిమ లైనులో మామూలు బండి ఎక్కాం. దారిలో కుడిపక్కన బందాయి కొండ రావాలి. 1888లో అది పేలి, ఉత్తరపు శిఖరం కూలిపోయి, 477 మంది చనిపోయారట. వాగులకి అడ్డం పడిన ఆ మట్టీ రాళ్ల వల్లే కొండ వెనక చెరువులు ఏర్పడ్డాయట. మా అమ్మాయి చెప్తుంటే కిటికీ అద్దం తుడిచి తుడిచి చూశాను. మబ్బు తప్ప ఏమీ కనబడలేదు.

ఐజు-వకామత్సు చేరేసరికి సాయంత్రం. కోట చూద్దామనుకున్నాం గానీ వాన తగ్గలేదు. కార్తీకం నెలంతా నేను నీసు ముట్టను. జపానులో అది పాటించడం కష్టం. కూర చూస్తే కూరే, చారు చూస్తే చారే, కానీ ఆ చారు కాచేది ఎండుచేప తురుముతో. అందుకే మా అమ్మాయి దిగబోయే సత్రాలన్నిటికీ ముందే ఫోన్ చేసి, అమ్మకి చేప నీళ్లు కూడా వద్దు, సముద్రపు నాచుతో చారు కాచి పెట్టండి అని చెప్పి ఉంచింది. ఆ రాత్రి మాత్రం హోటలు గదిలో అన్నం, కరివేపాకు పొడి, నేను తెచ్చుకున్న ఊరమిరపకాయలతో సరిపెట్టుకున్నాం.

రెండో రోజు, ఆదివారం

ఉదయం ఆరు దాటగానే బండి. రెండే పెట్టెలు, తెల్లటి ఒంటికి పచ్చ చారలు. డీజిలుది. ఇంజను కదిలేముందు కాళ్ల కింద పుట్టే ఆ వణుకు ఎన్నాళ్లయిందో నా ఒంటికి తగిలి. ఇక్కడి పట్టాల మధ్య వెడల్పు 1067 మిల్లీమీటర్లు. మన పాత మీటరుగేజి కంటే నాలుగు వేళ్లే ఎక్కువ. అందుకేనేమో పెట్టె అటూ ఇటూ ఊగే తీరు నాకు కొత్తగా అనిపించలేదు.

డ్రైవరు వెనక అద్దం దగ్గరే నిలబడ్డాను. కుర్రవాడు, చేతికి తెల్ల గ్లవ్సు. సిగ్నలు కనబడగానే వేలు చాచి దాన్ని చూపించి పైకి పలుకుతాడు. స్టేషనులో ఆగగానే గడియారం మీద వేలు, కాగితం మీద వేలు, మళ్లీ మాట. పక్కన వినేవాళ్లెవరూ లేరు. చూపు పొరబడ్డా వేలూ నోరూ కలిస్తే పొరపాటు జరగదని ఇక్కడి రైల్వేవాళ్లు వందేళ్లకి పైగా పాటిస్తున్న పద్ధతట. నాన్న కూడా అంతే. కీ దిగ్గొట్టాక దాన్ని చేత్తో తాకి "ఊఁ" అనేవాడు. ఎందుకు నాన్నా అంటే "అన్నానంటే చూసినట్టు" అనేవాడు.

మొదట అరగంట కోత కోసిన వరిమళ్లే. మోళ్ల మధ్య నిలిచిన వాననీళ్లలో ఆకాశం. తర్వాత బండి కొండల్లోకి తిరిగింది. యనాయిజులో దిగాం.

ఇక్కడ ఎంజోజి అనే గుడి తదామి నది మీదికి పొడుచుకొచ్చిన బండ మీద ఉంది. 1611లో పెద్ద భూకంపం వచ్చి గుడి కూలితే మళ్లీ కట్టడానికి కింద నుంచి దూలాలు మోయాల్సి వచ్చింది. ఎడ్లు మోయలేక చతికిలబడుతుంటే ఎక్కడి నుంచో ఎర్రావుల మంద వచ్చి సాయం చేసిందని కథ. ఆ ఆవే అకాబెకో. ఐజు వైపు ఏ దుకాణంలో చూసినా కాగితపు గుజ్జుతో చేసిన ఎర్రావు బొమ్మ ఉంటుంది. మెడ లోపల దారానికి వేలాడుతుంది కాబట్టి ముట్టుకుంటే తల ఊపుతుంది, అచ్చం మన గంగిరెద్దులాగే. ఒంటి మీద నల్లటి మచ్చలు మశూచి పొక్కులకి గుర్తట. ఎరుపుకి ఆ రోగం భయపడుతుందని పిల్లల పక్కన పెట్టేవారు. మనవైపు దాన్ని అమ్మవారు అనేవాళ్లమని, వేపమండలు కట్టేవాళ్లమని మా అమ్మాయి చేత చెప్పిస్తే, దుకాణం ముసలాయన బొమ్మ తల ఇంకోసారి ఊపించి, నవ్వి, ఏదో అన్నాడు. "ప్రతి ఊళ్లోనూ పిల్లల కోసం పెద్దవాళ్లు ఏదో ఒకటి చేశారు" అన్నాడట.

గుడి కింద వీధిలో ఆవిరి కక్కుతున్న దుకాణాలు. అవా మంజూ అమ్ముతారు. అవా అంటే మన కొర్రలు! కొర్రలూ జిగురు బియ్యమూ కలిపి ఉడికించిన ముద్ద లోపల ఎర్ర అలసందల్లాంటి గింజల తీపి పూర్ణం. పసుప్పచ్చగా, వేడిగా, పంటికింద కొర్రగింజ ఒక్కొక్కటే తెలుస్తూ ఉంది. వాళ్ల భాషలో "అవా" శబ్దం "ఎదురుపడకుండా" అన్న మాటలో కూడా వస్తుంది. ఆపదలు ఎదురుపడకూడదని తింటారు. చేప ఊసు లేని తిండి కదా, నాలుగు తిన్నాను. త్యాడలో అమ్మ కొర్రన్నం వండిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు అది లేనివాళ్ల తిండి.

పొద్దున్న బండి పోయాక మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. ఏడుగంటల సేపు ఆ చిన్న ఊళ్లో ఏం చేస్తాం అనుకున్నాను గానీ నది ఒడ్డున కూర్చుంటే సమయమే తెలియలేదు. వాన వెలిసి ఎండ వచ్చింది. అవతలి గట్టు మొత్తం రంగు. మేపుల్ చెట్లది రక్తం లాంటి ఎరుపు, బీచ్ చెట్లది రాగి రంగు, మధ్యలో మారని దేవదారు పచ్చ. రెల్లుపూలు మాత్రం మన నాగావళి ఒడ్డున పూసినట్టే పూశాయి. రెండింటి వేళ బండెక్కి మియాషితలో దిగాం.

మూడో రోజు, కార్తీక సోమవారం

మియాషిత స్టేషను ఉన్న మిషిమా అనే ఈ పట్టణంలో మొత్తం జనాభా పదిహేను వందల లోపే. నది పక్కనే వేడినీటి ఊట, దాన్ని పట్టి కట్టిన సత్రం. ఇక్కడి స్నానాల గదిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. నిన్న రాత్రి సిగ్గేసి వెళ్లలేదు. కార్తీక సోమవారం స్నానం మానడానికి మనసు ఒప్పలేదు. నాలుగున్నరకే లేచి, ఎవరూ లేనప్పుడు దిగాను. బయట చీకటి, పక్కన నది హోరు, మెడ దాకా వేడినీళ్లు. బొర్రా గుహల దగ్గర గోస్తనిలో అమ్మతో చేసిన కార్తీక స్నానాల్లో పళ్లు టకటకలాడేవి. చలి లేకుండా ఈ స్నానం చేయడం ఇదే మొదలు.

దీపం పెట్టుకోవాలి. కర్రతో కట్టిన ఇల్లు, లోపల నిప్పు వెలిగించడం తప్పు. సత్రం నడిపే అమ్మని అడగమన్నాను. డెబ్భై దాటినావిడ. విషయం విని, గబగబా పెరట్లోకి వెళ్లి విస్తరాకంత ఆకొకటి తెచ్చింది. కిరి చెట్టు ఆకు. ఇక్కడ ఇంట్లో ఆడపిల్ల పుడితే ఆ చెట్టు నాటేవారట, పెళ్లినాటికి దాన్ని కొట్టి బట్టల పెట్టె చేయించడానికి. రాతి తొట్టిలో నీళ్ల మీద ఆకు వదిలి, దాని మీద పిండి ప్రమిద పెట్టి వత్తి వెలిగించాను. ఆవిడ నా పక్కన నిలబడి తనూ చేతులు జోడించింది. ఏ దేవుడికి అని అడగలేదు.

ఆవిడే తన కారులో మమ్మల్ని మొదటి నంబరు వంతెన చూసే చోటికి తీసుకెళ్లింది. తదామి నదిని ఈ లైను ఎన్నోసార్లు దాటుతుంది, వంతెనలకి నంబర్లే పేర్లు. రోడ్డు పక్కన ఆగి, చెట్ల మధ్య మెట్లు ఎక్కి వెళ్లాలి. ఒకదానిపైన ఒకటిగా చూసే అంచెలు ఉన్నాయి. అప్పటికే ముప్పై మంది దాకా ఉన్నారు, చాలామంది తైవాను వాళ్లు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. కింద నది కదలనట్టుంది. ఆనకట్టలు కట్టాక నీళ్లు నిలబడి అద్దమైపోయాయి. వంతెన కమాను నీళ్లలో తిరగబడి పూర్తి గుండ్రం అయింది. నీటి మీద పొగమంచు తెరలు తెరలుగా లేస్తోంది.

తొమ్మిది కావస్తుండగా నాన్నకి వీడియో ఫోన్ చేశాను. అక్కడ ఐదున్నర. సోమవారం కాబట్టి లేచే ఉంటాడని తెలుసు. "నాన్నా, చూడు, జపాను" అని ఫోన్ తిప్పాను. సొరంగం లోంచి బండి వచ్చింది. వంతెన మీద, చూసేవాళ్ల కోసం, వేగం తగ్గిస్తారు. పచ్చ చారల రెండు పెట్టెలు ఎరుపు కొండ ముందు నుంచి, వాటి నీడ నీళ్లలో తలకిందులుగా, అడుగులో అడుగేసినట్టు నడిచాయి. చుట్టూ కెమెరాలు చప్పుడు చేశాయి. నాకు గొంతు పట్టేసింది.

నాన్న ఏమంటాడా అని చూశాను. ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని, "మెల్లగెల్తంది, మంచిదే" అన్నాడు. కాసేపాగి, "ఆ స్లీపర్లేటమ్మా, కర్రవా, సిమెంటువా?" అన్నాడు.

అంత దూరం నుంచి ఎలా కనబడతాయి! "చూసి చెప్తాను నాన్నా" అన్నాను.

"కీమేన్ ఎవడైనా కనబడితే నేనడిగేనని చెప్పు" అన్నాడు.

మధ్యాహ్నం బుట్టలల్లే చోటికి వెళ్లాం. ఈ పని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే గంటన్నర సేపు కళ్లప్పగించి చూశాను. ఓకు-ఐజు ప్రాంతపు అల్లిక ఇది, 2003లో ప్రభుత్వం సంప్రదాయ వృత్తుల జాబితాలో చేర్చింది. మూడు రకాల ముడిసరుకు. అడవి ద్రాక్ష తీగ బెరడు గట్టిది. దాన్ని వానాకాలం మొదట్లో కొద్ది రోజులే తీయాలి, తీగలో నీరెక్కినప్పుడే బెరడు ఒలిస్తే వస్తుంది. హిరోరొ అని తుంగలాంటి గడ్డి, మంచు పడేలోగా కోసి, ఎండబెట్టి, తాడుగా పేని చేతిసంచులు అల్లుతారు. మూడోది మతతాబి తీగ. దాన్ని చీల్చి సన్నటి బద్దలు తీసి బియ్యం కడిగే చిల్లుల గిన్నెలు అల్లుతారు. నీళ్లు తగిలితే మెత్తబడే తీగ కాబట్టి చేతికి గుచ్చుకోదు, గింజకి గీరుకోదు.

ఒక పెద్దాయన ద్రాక్ష బెరడు బుట్ట అల్లుతున్నాడు. బద్దని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, కర్ర అచ్చు చుట్టూ తిప్పి, ఒకటి పైన ఒకటి కింద దూర్చి, చెక్క మేకుతో ప్రతి వరసనీ కిందికి కొట్టి బిగిస్తున్నాడు. బొటనవేలి గోరు బెరడు రంగులోకి తిరిగిపోయింది. కొత్త బుట్ట గరుకుగా, మట్టిరంగులో ఉంది. పక్కనే ఆయన తల్లి వాడిన బుట్ట పెట్టాడు. చేతులు తగిలి తగిలి నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. మతతాబి బుట్టలు అల్లడం పూర్తయ్యాక చలికాలంలో ఆరుబయట మంచులో ఆరేస్తారట. ఆ వెలుగుకి తెల్లబడి, గట్టిపడతాయి. మంచు పడితే ఊరంతా ఇళ్లలోనే, అప్పుడు అందరూ అల్లుతారు. అరకు సంతకి కొండదొరలు తెచ్చే వెదురు తట్టలు, చాటలు గుర్తొచ్చాయి. మన తట్టలకి ఈ మర్యాద, ఈ ధర ఎప్పుడొస్తాయో. ఇక్కడ ద్రాక్ష బెరడు బుట్ట ఖరీదు విని నేను వెనక్కి పెట్టేశాను. బియ్యం కడిగే చిన్న బుట్ట కొనుక్కున్నాను.

నాలుగో రోజు, మంగళవారం

నాగులచవితి. ఇంటి దగ్గరుంటే పుట్టలో పాలు పోసి, చిమ్మిలి పెట్టి వచ్చేదాన్ని. ఇక్కడ ఏడున్నర బండి అందుకోవాలి. సత్రం అమ్మ గుమ్మం బయటికి వచ్చి, కారు మలుపు తిరిగేదాకా చేయి ఊపుతూనే ఉంది.

కవాగుచి స్టేషను నదికి ఎంత దగ్గరంటే ప్లాట్‌ఫారం కిందే నీళ్లు. ఎదురు బండి కోసం కాసేపు ఆగాం, నేను దిగాను. ప్లాట్‌ఫారం చివర ఇద్దరు లైను మనుషులు. హెల్మెట్లు, నారింజరంగు జాకెట్లు. ఒకాయన పొడుగాటి పిడి ఉన్న సుత్తితో బోల్టు మీద కొట్టి చెవి వంచి వింటున్నాడు. టింగు మంటే గట్టిగా ఉన్నట్టు, మందంగా మోగితే వదులైనట్టు. ఆ శబ్దం నాకు తెలుసు. త్యాడలో ఆ శబ్దంతోనే నిద్ర లేచేదాన్ని. మా అమ్మాయిని పిలిచి, "మా నాన్న కూడా ఇదే పని చేశాడని చెప్పవే, ఆయన అడిగాడని చెప్పు" అన్నాను. అది చెప్పింది. పెద్దాయన సుత్తి దించి, హెల్మెట్ తీసి, వంగి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎన్నేళ్లు చేశారని అడిగాడు. ముప్పై నాలుగు అన్నాను. ఇంకోసారి వంగాడు. బండి కూత వేసింది.

ఇక్కడి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్లు. ఈ ముక్క కోసమే ఈ లైను పేరు జపాను అంతా తెలిసింది. 2011 మార్చిలో భూకంపం, సునామీ, అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం, అన్నీ ఈ ఫుకుషిమా రాష్ట్రాన్ని తాకాయి. నాలుగు నెలలు తిరగలేదు, జూలై చివర్లో కొండల్లో కుండపోత. తదామి నది పొంగి ఈ లైను వంతెనల్ని విరిచేసింది, కొన్నింటి ఉక్కు నదిలోకి కొట్టుకుపోయింది. వరదకి ముందు ఏడాది ఈ ముక్కలో ప్రయాణికులు సగటున రోజుకి 49 మంది. అంతమంది కోసం మళ్లీ వంతెనలు కట్టడమా, బస్సు వేస్తే పోలేదా అన్నది రైల్వే కంపెనీ లెక్క. ఆ లెక్క తప్పని ఎవరూ అనలేరు.

కానీ ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి మాట్లాడారు. చివరికి 2017లో ఒప్పందం కుదిరింది. పట్టాలూ వంతెనలూ రాష్ట్ర ప్రభుత్వం సొంతం చేసుకుంటుంది, బండి రైల్వే కంపెనీ నడుపుతుంది. బాగుచేయడానికి దాదాపు 900 కోట్ల యెన్లు. ఆ పైన ఏటా నిర్వహణకి సుమారు 30 కోట్ల యెన్లు రాష్ట్రమూ ఈ చిన్న ఊళ్లూ కలిసి భరిస్తాయి. పదకొండేళ్ల తర్వాత, 2022 అక్టోబరు 1న బండి మళ్లీ తిరిగింది.

నేను పోస్టాఫీసులో జీవితమంతా పనిచేశాను. అనంతగిరి కొండల మీద ఊళ్లకి మా పోస్టుమేన్ ఒక్క మనియార్డరు పట్టుకుని పది కిలోమీటర్లు ఎక్కిన రోజులున్నాయి. దాని మీద వచ్చే కమిషను అతని చెప్పుల అరుగుదలకి చాలదు. అయినా ఎక్కాడు, ఎక్కాలి. ఆ ఊళ్లో ముసలమ్మకి ప్రభుత్వం ఉందని తెలిసేది అతని మొహం చూసినప్పుడే. ఈ 49 మంది లెక్క చదివినప్పుడు నాకు ఆ ముసలమ్మే కళ్లముందు నిలబడింది. బండి ఆగిపోతే ముందు బడిపిల్లలు పోతారు, తర్వాత ఆస్పత్రికి వెళ్లాల్సినవాళ్లు పోతారు, తర్వాత ఊరు పటంలో చుక్కగా మిగులుతుంది. అది తెలిసినవాళ్లే ఇక్కడ పట్టుబట్టారు.

కొత్త వంతెనలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కింద నది, ఆకుపచ్చగా, ఏమీ తెలియనట్టు. ఒక ఇంటి ముందు తోటలో ముల్లంగి పీకుతున్న ముసలాయన నడుం నిటారు చేసి చేయి ఊపాడు. కాస్త ముందు బాలబడి పిల్లలు పసుప్పచ్చ టోపీలతో కంచె పట్టుకుని ఊపారు. ఇంకో చోట వంటింటి కిటికీ లోంచి ఎవరిదో చేయి మాత్రమే కనబడింది. పెట్టెలో ఉన్న మేమంతా తిరిగి ఊపుతున్నాం. మొదట అలవాటు లేక సందేహించిన కోటు తొడుక్కున్న పెద్దమనిషి కూడా మూడో ఊరు వచ్చేసరికి కిటికీ దగ్గరికి జరిగాడు.

తదామిలో ఆ రాత్రి దిగిన సత్రంలో అడిగితే, బండికి అందరం చేయి ఊపుదామని ఊరి సభ ఏకంగా ఒక నిబంధనే చేసుకుందని చెప్పారు. ఊపకపోతే శిక్షేమీ లేదు.

మధ్యాహ్నం టాక్సీలో తగోకురా ఆనకట్టకి వెళ్లాం. 145 మీటర్ల ఎత్తు, 1959 నుంచి కరెంటు ఇస్తోంది. కవాగుచి నుంచి ఇక్కడిదాకా పట్టాలు పడింది ముందు ఈ ఆనకట్ట సామాను మోయడానికే, జనం ఎక్కింది తర్వాత, 1963లో. జలాశయం కింద తగోకురా అనే 50 ఇళ్ల ఊరు మునిగి ఉంది. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కోసం కట్టిన జలాపుట్ ఆనకట్ట వెనక మునక ఊళ్ల సంగతి మా చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కరెంటు టోక్యోకి పోతుంది, రాయి జపానుకి పోతుంది. ఇచ్చిన కొండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నీళ్ల మీద చుట్టూ ఉన్న బీచ్ అడవి రంగు పరుచుకుని ఉంది. చాలాసేపు చూశాం, ఏమీ మాట్లాడుకోలేదు.

ఊళ్లో అందరూ చలికాలానికి సిద్ధమవుతున్నారు. ఇళ్ల గోడల చుట్టూ, కిటికీల మీద పలకలు బిగిస్తున్నారు, మంచు బరువుకి అద్దాలు పగలకుండా. చిన్న చెట్ల కొమ్మల్ని కర్రలకి కట్టేస్తున్నారు. మనిషి ఎత్తు దాటి మంచు పడే ఊరు ఇది. చూరు కింద తొక్క తీసిన పెర్సిమాన్ పళ్లు దండలుగా వేలాడుతున్నాయి. మా గదిలోకి పచ్చపురుగులు నాలుగు వచ్చాయి, ముట్టుకుంటే కంపు. అవి ఎక్కువగా ఇంట్లోకి వస్తే ఆ ఏడు మంచు ఎక్కువని ఇక్కడివాళ్ల నమ్మకం. సత్రం అతను వాటిని టేపుకి అంటించి తీస్తూ ఈసారి ఎక్కువే పడుతుంది అన్నాడు.

రాత్రి భోజనం గురించి ఒక్క మాట. కొత్తగా కోసిన గోధుమరంగు సోబా గింజల పిండితో చేసిన నూడుల్స్, నాచుతో కాచిన చారు, కొండ పుట్టగొడుగులు, నువ్వులతో నూరిన ఆకుకూర, కొత్త బియ్యం అన్నం. సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉన్న నాకు ఆ అన్నం ముద్ద ఒక్కటీ చాలు అనిపించింది.

ఐదో రోజు, బుధవారం

తొమ్మిదిన్నర బండి. చలి ఒక్కసారిగా పెరిగింది. ఎదురుగా అసకుసా కొండ కొసన సన్నగా మంచు, కింద ఎర్రటి అడవి. ఒకే కొండ మీద రెండు కాలాలు.

తదామి తర్వాత ఇరవై కిలోమీటర్లకి పైగా స్టేషను లేదు. తగోకురా దగ్గర ఒకటి ఉండేది, 2013లో తీసేశారు. జలాశయం అంచు ఒక్కసారి మెరిసి, బండి రొకుజురిగోయె సొరంగంలోకి దూరింది. 6,359 మీటర్లు. 1971లో ఇది పూర్తయ్యాకే రెండు వైపుల లైన్లూ కలిశాయి. పైన ఉన్న కనుమ నిజానికి పాత జపాను దూరపు కొలతలో ఆరు "రి"లే అయినా ఎక్కేవాళ్లకి అరవై రిలంత అనిపించేదని ఆ పేరు వచ్చిందంటారు. చలికాలంలో ఆ రోడ్డు మంచుతో మూసేస్తారు. అప్పుడు తదామి నుంచి అవతలికి వెళ్లడానికి ఈ సొరంగమే దారి.

త్యాడ నుంచి చిమిడిపల్లి వెళ్లేటప్పుడు మా పిల్లల ఆట ఒకటుండేది. సొరంగంలో దూరగానే ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టడం. ఈ సొరంగంలో అలా కుదరదు. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఊరికే లెక్కపెట్టాను. నాలుగు వందల పైన ఎక్కడో తప్పిపోయాను. మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

బయట నీగాతా. వెలుగు వేరుగా ఉంది, మబ్బు కిందికి దిగి ఉంది. వాగు పక్కనే దిగుతూ దిగుతూ బండి మళ్లీ వరిమళ్లలోకి వచ్చింది. ఇక్కడి బియ్యానికి దేశమంతా పేరు. కొయిదె దగ్గర పడుతుండగా మడి గట్టు మీద సైకిలాపి ఒకావిడ చేయి ఊపింది. ఈ అలవాటు కొండ దాటి ఇటు కూడా వచ్చిందన్నమాట.

కొయిదెలో దిగాం. టోక్యో వెళ్లడానికి ఇక్కడ వేరే బండి మారాలి, ఇంకా టైముంది. అందరూ మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను ప్లాట్‌ఫారం అంచుకి కాస్త ఇవతలే వంగి చూశాను. కంకర మధ్య గడ్డి ఎండిపోయి ఉంది. సిమెంటువీ ఉన్నాయి, కర్రవీ ఉన్నాయి. కర్రవాటికి అంచుల్లో పగుళ్లు, నల్లటి నూనె మరకలు.

ఫొటో తీసి నాన్నకి పంపించాను.